దొమితిలా చేతి గ్వారానా

దొమితిలా చేతి సపో తాగితే ఆ పూట ఎవరూ పోట్లాడుకోరని మారావ్ నది పొడుగునా పేరుండేది. పేరు ఊరికే రాలేదు. ఆ ఒడ్డు అడవుల్లో ఉండే సతెరె తెగవాళ్ళ ఇళ్ళలో పొద్దున లేవగానే ఇంటావిడ సొరబుర్రనిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. గ్వారానా తీగ గింజల పిండితో చేసి పొగలో ఎండబెట్టిన, నల్లరాయిలా గట్టిపడ్డ కడ్డీని, మనం గంధం తీసినట్టు, తడి రాతి మీద అరగదీస్తుంది. ఆ నీళ్ళు ఎర్రమట్టి రంగుకి తిరిగాక బుర్ర చేతులు మారుతూ ఇల్లంతా తిరిగి మళ్ళీ ఆవిడ చేతికే వస్తుంది. అదే సపో. అందరి ఇళ్ళలోనూ అదే కడ్డీ, అదే రాయి, అదే నది నీళ్ళు. అయినా దొమితిలా తీసింది నాలుక మీద నూనెలా జారేది. ఒక్క పలుకు తగిలేది కాదు.

ఆ పని ఆమెకి నేర్పింది అమ్మమ్మ. ఏడేళ్ళ పిల్ల చేతికి కడ్డీ ఇచ్చి పక్కన కూర్చునేది.

"నొక్కకే! నొక్కితే అలుగుతుంది. పలుకులు పలుకులుగా ఊడి తాగేవాడి గొంతులో పడుతుంది."

"మరి ఎప్పటికవుతుందే అమ్మమ్మా?"

"అయినప్పుడు అవుతుంది. నీకేం, నది ఎండిపోతోందా?"

అలా నెమ్మదితనం ఆ పిల్ల చేతికి అబ్బింది. పెద్దయ్యాక నడక చురుకు, మాట చురుకు, ఒక్క ఆ చెయ్యి మాత్రం నిదానం. పెద్దల సభ ఎంత తొందరలో ఉన్నా, బుర్ర ఆమె దగ్గర నుంచి రావాలంటే కూర్చోవలసిందే. కూర్చుని కూర్చుని మనుషుల కోపాలు చల్లారేవి. పోట్లాటలు లేకపోవడానికి అసలు కారణం అదేనని అనీసియో అనేవాడు.

అనీసియో అందిరా నది వాడు. కడ్డీలు చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. వేయించి దంచిన గింజల పిండిని నీళ్ళు కలిపి రోకటితో మర్దించి, అరచేతుల మధ్య దొర్లించి, గాలిబుడగ అన్నది లేకుండా కడ్డీ చేసేవాడు. అతని కడ్డీ విరిస్తే లోపల చెకుముకి రాయిలా మెరిసేదట. ఆ ఏడు పంట ఎక్కువై, దొమితిలా అన్న వెనాన్సియో అతన్ని పనికి పిలిపించాడు. వెనాన్సియో అప్పటికే ఆ ఊరి పెద్ద.

మొదటి రోజు బుర్ర అందుకుని ఒక గుక్క తాగి, అనీసియో తల ఎత్తాడు.

"వెనాన్సియో, మీ చెల్లెలు ఇందులో గ్వారానా వేసిందా, లేక నదికి దాని పేరు చెప్పి తెచ్చిందా?"

అందరూ నవ్వారు. దొమితిలా రాయి మీద నుంచి కళ్ళెత్తకుండానే అంది: "మగపిల్లల్ని పెద్దచేసే పండగలో తుకాండెర చీమలు చేతుల్ని కుడతాయని విన్నాను. ఈయనకి నాలుకని కుట్టినట్టున్నాయి. రుచి పోయింది పాపం."

అతను రెండో గుక్క తాగాడు. మూడోది కూడా తాగాడు. పంట పని అయిపోయాక కూడా ఇంటికి వెళ్ళలేదు.

పెళ్ళయ్యాక వాళ్ళ మధ్య ఆ పరాచికం ఆగనేలేదు. అతను కడ్డీలు చేసేవాడు, ఆమె కడిగి పొగ గుడిసెలో పేర్చేది. పొద్దున్నే ఆమె సపో తీస్తుంటే అతను రెండు గుంజలకి కట్టిన వల ఊయలలో పడుకునే "అయిందా? ముసలివాణ్ణయిపోతున్నానే ఇక్కడ" అనేవాడు. "అవ్వు. నాకు పని తప్పుతుంది" అనేది ఆమె. కూతురు పుట్టింది. లెనీర్ అని పేరు పెట్టుకున్నారు.

లెనీర్‌కి నాలుగేళ్ళప్పుడు హెలికాప్టర్లు వచ్చాయి. భూమి కింద నూనె వెతికే కంపెనీ వాళ్ళన్నారు. ఎవరినీ అడగలేదు. అడవిని తాడు పట్టి గీసినట్టు తిన్నగా నరుక్కుంటూ పోయారు. అడుగడుక్కీ గుంత తవ్వడం, గుంతలో తూటా పెట్టడం, పేల్చడం. పేలినప్పుడల్లా గుడిసెల్లో కుండలు కదిలేవి, వేటజంతువులు ఎటుపోయాయో పోయాయి. గీత అనీసియో తోట మధ్యనుంచి పోయింది. అంతకంటే పెద్ద నష్టం, ఎగువన తల్లితీగలున్న చోటునుంచి కూడా పోయింది. సతెరె వాళ్ళు గింజ నాటరు. అడవిలో ఎత్తైన చెట్లకి అల్లుకున్న తల్లితీగ కింద మొలిచిన పిల్లమొక్కల్ని వేరు తెగకుండా తెచ్చుకుని తోటలో పెట్టుకుంటారు. తల్లితీగ పోతే తోట ఒక తరం తర్వాత పోతుందని వాళ్ళకి తెలుసు.

కంపెనీ వాళ్ళలో ఒకడు పిల్లలకి గాజుసీసాల్లో గ్వారానా సోడా పంచాడు. లెనీర్ తన సీసా పరిగెత్తుకుంటూ ఇంటికి తెచ్చింది. దొమితిలా ఒక చుక్క నాలుక మీద వేసుకుని మొగుడికి అందించింది.

"ఇందులో గ్వారానా ఎక్కడుందయ్యా?"

అనీసియో గుక్క తాగి, బుడగలు ముక్కులోకెక్కి దగ్గి, చాలాసేపు ఆలోచించాడు. "గ్వారానా అవతలి ఒడ్డున నడిచి వెళ్ళుంటుంది. ఈ నీళ్ళు దూరం నుంచి చూసుంటాయి."

ఆ మాట నది మీద అన్ని ఊళ్ళూ తిరిగింది. ఇప్పటికీ ఆ సోడా తాగేవాళ్ళు ఆ మాట అంటూనే తాగుతారు.

వెనాన్సియో, మిగతా ఊళ్ళ పెద్దలు కలిసి పట్నాలు తిరిగి, మాట్లాడి, గొడవచేసి, చివరికి కంపెనీని వెళ్ళగొట్టారు. ఎండలు ముదిరిన నెలలో హెలికాప్టర్లు సామాను మోసుకుని వెళ్ళిపోయాయి. గీతలు మిగిలాయి. గుంతలన్నీ పేల్చారని అందరూ అనుకున్నారు.

మొదటి వానలు పడ్డాయి. ఆ పొద్దున అనీసియోకి కదలాలని లేదు. గుడిసెలో పిండి ఇంకా మిగిలివుంది, కడ్డీలు చేసుకుంటూ కూర్చుంటానన్నాడు.

"ఈ వానకి పిల్లల్ని నాటకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి" అంది దొమితిలా. "నరికేసిన చోట తోట బోసిగా ఉంది. నాకు చూడబుద్ధి కావటంలా."

"రేపు వెళ్తానే."

"నీ రేపులు నాకు తెలుసు. మా అమ్మమ్మ పాత తోట పైన ఒక తల్లితీగ మిగిలిందని అన్నయ్య చెప్పాడు. దాని పిల్లలైతే బాగా కాస్తాయి. ఇవాళే వెళ్ళు."

అతను బుట్ట, కత్తి తీసుకుని, గుమ్మంలో నిలబడి "నీకు సపో ఒక్కటే నిదానం, మొగుణ్ణి తరమడం మాత్రం పరుగే" అని వెళ్ళాడు. వెనాన్సియో తోడువెళ్ళాడు.

పొద్దు నడినెత్తికి రాకముందే పేలుడు వినబడింది. కుండలు కదిలాయి. కంపెనీ మళ్ళీ వచ్చిందనుకుంది దొమితిలా. కర్రపెండలం రవ్వ వేయిస్తున్న పెనం దగ్గర నుంచి లేవనైనా లేవలేదు. తిట్టుకుంటూ కలుపుతూనే ఉంది. వెనాన్సియో అతన్ని వీపున వేసుకుని వచ్చేసరికి రవ్వ వేగిపోయింది.

తల్లితీగ కింద మొక్కని మట్టితో సహా పెకలిస్తుంటే కత్తి పేలని తూటాకి తగిలిందట. వెనాన్సియో పది బారల దూరంలో మరో మొక్క దగ్గర వంగి ఉన్నాడు. అందుకని బతికాడు. అనీసియోని ఊయలలో పడుకోబెట్టి, నడుము కిందికి ఎవరూ చూడకుండా తన చొక్కా, దుప్పటి కప్పాడు. పట్నానికి పడవలో ఒకటిన్నర రోజు ప్రయాణం. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తినా ఏమీ లాభం లేదని అందరికీ అర్థమైంది.

అనీసియోకి తెలివుంది. కళ్ళతో ఆమెని వెతికాడు.

"గొంతెండిపోతోందే. ఇంత సపో తియ్యి."

దొమితిలా బుర్ర తెచ్చుకుంది, రాయి పెట్టుకుంది, కడ్డీ తడిపింది. పక్కనున్న ముసలమ్మ ఎవరో "ఈలోగా రెండు చుక్కలు నీళ్ళు పోస్తాను నాయనా" అంది. "నీళ్ళొద్దు. అది తీస్తోందిగా" అన్నాడు అతను. ఆ మాట ఆమె చెవిన పడింది. ఆమె అరగదీస్తూనే ఉంది. చేతికి ఆ ఒక్క నడకే తెలుసు. నొక్కాలని, తొందరపడాలని ఆమెకి తోచనే లేదని తర్వాత చెప్పింది. ఆయన అడిగాడు, బాగా తియ్యాలి, పలుకు తగలకూడదు, ఆయనకి గొంతు బాగోలేదు. ఇదే ఆలోచన. వేళ్ళు ముంచి చూసింది. ఇంకొంచెం. మళ్ళీ రాసింది. నీళ్ళకి రంగు తిరిగింది, నురగ అణిగింది. బుర్ర రెండు చేతులా ఎత్తుకుని తల పైకెత్తితే, వెనాన్సియో ఊయల తాడు పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. వెనక ఆడవాళ్ళు ఏడవడం అప్పటికే మొదలుపెట్టారు.

ఆ బుర్రని ఆమె పారబొయ్యలేకపోయింది, తాగలేకపోయింది. ఊయలలో ఉన్న శవం పక్కన అలాగే పట్టుకుని కూర్చుంది. లెనీర్ నది నుంచి జుట్టు తడితో వచ్చి, జనాన్ని చూసి, తల్లి ఒళ్ళోకి దూరింది.

"నాన్న నాకు మిగిల్చాడా?" అని బుర్ర తీసుకుని, రోజూ తాగినట్టే, చివరిదాకా తాగేసింది.

అతను పెకలించిన మొక్కలు బుట్టలో దొరికాయి. వెనాన్సియో వాటిని తోటలో నాటాడు. ఏడు మొక్కల్లో నాలుగు బతికాయి. దొమితిలా ఆ వైపు చాలా ఏళ్ళు వెళ్ళలేదు. సపో తియ్యడం మానేసింది. మనిషి పోయిన ఇంట్లో సపో ఆగకూడదని పెద్దలు చెప్పడంతో, పక్కింటి వాళ్ళు తీసి తెచ్చిచ్చేవారు, ఆమె కాదు.

రెండో ఏడు కంపెనీ తరఫున ముగ్గురు మనుషులు, ఒక ఇంజనీరు, నష్టపరిహారం కాగితాలు పట్టుకుని ఊరికి వచ్చారు. వాటి మీద సంతకాలైతే గొడవ తీరిపోతుందన్నారు. సపో లేకుండా ఊళ్ళో మాట మొదలవ్వదు. ఊరిపెద్ద ఇంటికి ఆడదిక్కు చెల్లెలే. వెనాన్సియో ఆమె గుడిసె గుమ్మంలో కూర్చున్నాడు.

"నువ్వు తియ్యాలమ్మా."

"వాళ్ళకా? నేనా?"

"వాళ్ళకి కాదు. మాటకి. సపో తాగి అబద్ధమాడినవాడికి అది అరగదంటారు. నాకు ఇంకే ఆయుధం ఉంది చెప్పు?"

"అన్నా, నా చెయ్యి నాకు పనికిరాకుండా పోయింది."

"ఎలా వస్తే అలా తియ్యి."

ఆమె వచ్చి సభ మధ్య కూర్చుంది. కడ్డీని రాతి మీద పెట్టి నొక్కింది. గరగరమని మోత వచ్చింది. అంత తొందరగా ఆమె సపో తియ్యడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. రెండు నిమిషాల్లో బుర్ర అన్న చేతికిచ్చింది. వెనాన్సియో తాగాడు. నోట్లో పలుకులు నలిగినట్టు దవడ కదిలింది, మొహం మాత్రం కదల్లేదు. పెద్దలందరూ అలాగే తాగారు. ఇంజనీరు పెదాలు తడిపి, నవ్వి, బుర్రని కింద మట్టిలో పెట్టాడు. బుర్ర ఇచ్చిన చేతికే తిరిగి ఇవ్వాలి తప్ప నేల మీద పెట్టరు.

అతను కాగితం చదివాడు. గ్వారానా మొక్కలు, కాయచెట్లు, కూలిన పొగ గుడిసె, తొక్కేసిన కర్రపెండలం చేను. అన్నీ రాశారు. చదవడం అయిపోయాక దొమితిలా అడిగింది.

"బాబూ, మా ఆయన ఏ వరసలో ఉన్నాడు?"

ఇంజనీరు పక్కవాడి వంక చూశాడు. "అదీ... ఆ విషయం ఇంకా విచారణలో ఉందమ్మా. ఆ తూటా మాదే అని తేలలేదు."

"ఇంకెవరిది? మేం కర్రపెండలంతో పాటు తూటాలు కూడా పండిస్తామా?"

ఎవరూ నవ్వలేదు. ఆమె లేచి, మట్టిలో ఉన్న బుర్ర తీసి, అడుగు తుడిచి, రెండు చేతులా అతని ముందు పట్టింది.

"మా ఆయన ఆఖరున అడిగింది ఇదే. ఆయనకి అందలేదు. మీకు అందింది. పారేయకండి బాబూ. తాగండి."

ఆ మనిషి ఆమె మొహంలోకి ఒకసారి చూసి, బుర్ర తీసుకుని ఆఖరి పలుకుదాకా తాగాడు. ఎర్రబడ్డ కళ్ళతో బుర్ర ఆమె చేతికిచ్చాడు. కాగితంలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. ఊరికి ఆకలి ఉంది, పెద్దలు సంతకాలు పెట్టారు. దొమితిలా వేలిముద్ర వెయ్యలేదు.

తర్వాత ఆమె మళ్ళీ సపో తియ్యడం మొదలుపెట్టింది, కాని ఆ తొందర చేతిని వదల్లేదు. గరుకుగా, పులుసులో మట్టిపడ్డట్టు ఉండేది. ఊరికి కొత్తగా వచ్చిన కోడలు ఒకతి "ఇదేంటి, గొంతు గీసుకుపోతోంది" అంటే, అత్త తొడమీద గిల్లి "తాగు" అంది. ఆ ఊళ్ళో అందరూ తాగారు, ఏళ్ళ తరబడి, మాట్లాడకుండా.

లెనీర్ మిషను బళ్ళో చదువుకుంది. నది మీది ఊళ్ళన్నీ కలిసి గ్వారానా అమ్ముకునే సంఘం పెట్టుకున్నప్పుడు మౌయెస్ పట్నంలో ఆ సంఘం గిడ్డంగిలో పనికి చేరింది. కడ్డీలు చేసేవాళ్ళు తగ్గిపోయారు. గింజలు వేయించి, మరలో పొడి కొట్టి, సంచుల్లో సముద్రాలు దాటించడం ఎక్కువైంది. ఒకసారి దొమితిలాకి ఆయాసం వచ్చి పట్నం తీసుకొస్తే, లెనీర్ ఆమెకి గిడ్డంగి అంతా చూపించింది.

"ఈ పొడిని గొట్టాల్లో నింపి మాత్రలుగా అమ్ముతారమ్మా. పరుగుపందేల వాళ్ళు మింగుతారు. మొహానికి రాసుకునే వాటిలో కూడా వేస్తారు."

"మొహానికా!"

"ఊఁ. ఎక్కువమంది మాత్రం నిద్ర రాకుండా ఉండాలని తాగుతారు."

దొమితిలా సంచి మీద చెయ్యి వేసి నిలబడింది. "ఎందుకు? వాళ్ళకీ ఎవరైనా పోయారా, జాగారం చెయ్యడానికి?"

లెనీర్‌ వీధి మలుపులో అంగడిలో పాలు, వేరుశెనగలు, పొడి కలిపి మరలో తిప్పిన గ్వారానా కొనిచ్చింది. దొమితిలా సగం తాగి, బాగుందనే చెప్పింది. కూతురు సంతోషపడాలని చెప్పిందని లెనీర్‌కి తెలుసు.

ఆ వారమే దూరదేశం నుంచి కొనుగోలుదారులు వచ్చారు. పన్నెండుమంది. గ్వారానా పుట్టిన కథ పెద్దవాళ్ళ నోట వినాలని వాళ్ళ కోరిక. సంఘం వాళ్ళు లెనీర్‌ని అడిగారు, లెనీర్ తల్లిని అడిగింది.

"నీ మాటకి వచ్చి కూర్చుంటాను. తర్వాత నన్ను ఇంటికి తీసుకుపో" అంది దొమితిలా.

గిడ్డంగి వసారాలో పొద్దున్నే కుర్చీలు వేశారు. దొమితిలా సతెరె మాటల్లో చెప్పింది, లెనీర్ దాన్ని వాళ్ళ భాషలోకి మార్చి చెబుతూ వచ్చింది. మొదటి తల్లి, ఆమె నాటిన కాయచెట్టు, ఆమె అన్నదమ్ములు. తల్లి వద్దన్నా పిల్లవాడు కాయలకోసం వెళ్ళడం. మేనమామలు పెట్టిన కాపలావాళ్ళు అతన్ని చంపడం.

"తల్లికి వినబడింది. పరిగెత్తింది. వెళ్ళేసరికి అయిపోయింది" అంది దొమితిలా. గొంతు మామూలుగానే ఉంది. "కొడుకు కన్ను తీసి నాటింది. నల్లగింజ, చుట్టూ తెలుపు, ఎర్రటి రెప్ప. మీరు కొనేది అదే."

అక్కడ ఆగింది. వచ్చినవాళ్ళు రాసుకోవడం ఆపి తల ఎత్తారు. లెనీర్ మెల్లగా అంది: "అమ్మా, మిగతాది. పిల్లవాడు గోతిలోంచి లేచి రావడం. మన మొదటి మనిషి అయింది వాడేగా."

"అలా అంటారు."

"చెప్పమ్మా."

"నేను చూసినంతవరకు చెప్పాను."

లెనీర్ మిగతా కథ తనే చెప్పింది. వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకావిడ వచ్చి దొమితిలా చేతులు పట్టుకుని చాలా అందమైన కథ అంది. దొమితిలా ఆమె చేతుల్ని కాసేపు అలాగే పట్టుకుంది. వేళ్ళు మెత్తగా ఉన్నాయని తర్వాత కూతురితో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే పడవ ఎక్కారు. మారావ్ నదిలోకి తిరిగేదాకా లెనీర్ ఓపిక పట్టింది. తర్వాత మోటారు ఆపి అడిగింది.

"ఎందుకమ్మా అలా చేశావు? కథ అంత బాగా చెబుతున్నావు."

"వాడు లేస్తే కథ అయిపోతుంది. వాళ్ళు హాయిగా ఇళ్ళకి పోతారు."

"పోనీ. పోతే ఏం?"

దొమితిలా నీళ్ళ వంక చూసింది. "నేనే పంపించానే ఆ రోజు. రేపు వెళ్తానన్నాడు. ఇవాళే వెళ్ళమన్నాను. ఇది నీకెప్పుడూ చెప్పలేదు."

లెనీర్ పుట్టి బుద్ధెరిగాక తల్లిని అప్పుడే మొదటిసారి ఏడుస్తుండగా చూసింది. పడవ ప్రవాహానికి అడ్డంగా తిరిగి, వచ్చిన దారినే కొంచెం వెనక్కి కొట్టుకుపోయింది. ఇద్దరూ పట్టించుకోలేదు. వెదురుపొద దగ్గర ముందుభాగం బురదకి తగిలి ఆగాక, లెనీర్ లేచి తెడ్డుతో ఒడ్డుని తోసింది.

దొమితిలా ఆ తర్వాత రెండు వానాకాలాలు బతికింది. ఆఖరిదాకా సపో ఆమే తీసింది, అది గరుకుగానే ఉండేది.